వల లాగే నరం

కుడి మణికట్టు మీద ఒక బరువు చాలా ఏళ్లుగా మోస్తున్నాను. గడియారం కాదు. గడియారమైతే ఎప్పుడో విప్పి బల్ల మీద పెట్టేవాణ్ని.

అసలు సంగతికి ముందు ఇంకో సంగతి ఒప్పుకోవాలి. నాకు గోరంతలు కొండంతలు చేసే జబ్బు ఉంది. మా పిల్లి ఎలకని పట్టిందని మొదలుపెడితే, వాక్యం పూర్తయ్యేసరికి పులి ఏనుగుని ఈడ్చుకెళ్తూ ఉంటుంది. మా ఆవిడ నేను చెప్పిన ఏ మాటనైనా నాలుగుతో భాగించి నమ్ముతుంది. మీరూ అలాగే చెయ్యండి, నేనేమీ అనుకోను. అయితే పెంచడం వేరు, లేనిది కల్పించడం వేరు. ఇందులో చాలాచోట్ల పెంచుతాను. ఒక్కచోట మాత్రం కల్పిస్తాను. అదెక్కడో చివర్లో నేనే చెప్తాను. మధ్యలో ఆపి అడక్కండి. ఆగితే నాకు ధైర్యం పోతుంది.

తొంభైల చివర్లో నేనొక యూనివర్సిటీలో, అనాటమీ, మానవ జీవశాస్త్రం డిపార్ట్‌మెంటులో ట్యూటర్ని. ఏ యూనివర్సిటీ అని అడగొద్దు. కాపురం బందరులో. పొద్దున్నే బస్సెక్కేవాణ్ని, సాయంత్రం ఫార్మలిన్ వాసనతో దిగేవాణ్ని. బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే. ఎవరైనా కూర్చున్నా, ఊరు దాటకముందే డ్రైవరు పక్కకి వెళ్లి బానెట్ మీద కూర్చునేవారు. ఆ వేడే నయమనుకునేవారు.

శనివారం మధ్యాహ్నాలు మా డిపార్ట్‌మెంటులో పరిశోధన సెమినార్లు జరిగేవి. అన్నం తిని కళ్లు మూతలు పడే వేళ. డిసెక్షన్ హాలు పక్క గది. అక్కడ దోమలు కూడా ముక్కు మూసుకునే కుట్టేవి. స్లయిడ్ ప్రొజెక్టర్ గుడివాడ రైసుమిల్లులా మోగేది. దాని మోత మీద అరుస్తూ మనిషి మోకాలి గురించో, పుర్రె అతుకుల గురించో ఇంగ్లీషులో మాట్లాడాలి. మాకో ఆచారం ఉండేది. ఎవరు మాట్లాడితే ఫలహారం వాళ్లు తేవాలి. బిస్కెట్లు తెచ్చినవాడి సెమినారుకి బల్లలే శ్రోతలు. నేను బందరు తొక్కుడు లడ్డు తెచ్చేవాణ్ని. ఆ రోజు గది నిండేది, వరండా నిండేది, పక్క డిపార్ట్‌మెంటుల వాళ్లు కిటికీ ఊచలకి గబ్బిలాల్లా వేలాడేవాళ్లు. సైన్సులో నాకున్న పరపతి అంతా నెయ్యి మీద నడిచిందే.

కానీ అందరికీ భయం ఒకటే. మా హెడ్ సుగుణ మేడమ్. పల్లెటూళ్లో పాస్టరుగారి అమ్మాయి, చదువుకుని ప్రొఫెసర్ అయిన మనిషి. కోప్పడేవారు కాదు. ఎవరేం చెప్పినా చివర ఒక్కటే అడిగేవారు: "ఇది నువ్వు చూశావా? ఎవరో చెప్పారా?" అంతే. ఆ ప్రశ్నకి పెద్దపెద్ద వాళ్లు నీళ్లు నమలడం నేను చూశాను. (చూశానండీ. ఎవరో చెప్పింది కాదు.)

నేను పట్టుకున్న విషయం మణికట్టులో ఒక నరం. పుస్తకాల్లో దాన్ని నరం అనరు, స్నాయువు అంటారు. ఊళ్లో మాత్రం నరమే. మీరూ చూసుకోండి. బొటనవేలు, చిటికెనవేలు కొసలు కలిపి మణికట్టు కొంచెం లోపలికి వంచండి. మధ్యలో తాడులా ఒకటి లేచిందా? మీకుంది. లేవలేదా? లేదు. బెంగపడకండి. కొంతమందికి అది పుట్టుకతోనే ఉండదు. లేనందువల్ల ఏ నష్టమూ లేదు. ఇంకోచోట నరం తెగితే అతకడానికి సర్జన్లు దీన్నే తీసి వాడతారు. తీసేసినా చేతికి తేడా తెలియదు కాబట్టి.

ఈ మాట నాకు అప్పుడే తెలుసు. ఇది గుర్తుపెట్టుకోండి. తెలియక చేసిన తప్పయితే ఇన్నేళ్లు మొయ్యక్కర్లేదు.

చేతులతో బరువు లాగే జనంలో ఈ నరం ఎంతమందికి ఉంది, కాగితాల మధ్య బతికే మా బోటి వాళ్లలో ఎంతమందికి ఉంది, అదీ నా ప్రశ్న. అందుకని దివిసీమలో ఒక బెస్తపల్లెకి వెళ్లాను. అవనిగడ్డ దాటాక రోడ్డు అలిసిపోయి ఇసకలో కూర్చునే చోట. అక్కడ ఒడ్డున నిలబడి, పెద్ద వలని రెండు వైపులా తాళ్లతో లాగుతారు. అంతకంటే మంచి చేతులు నాకెక్కడ దొరుకుతాయి?

దొరకలేదు. నేను బస్సు దిగేలోపే నేను కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల డాక్టర్నని పుకారు నాకంటే ముందు దిగింది. మగాళ్లందరూ పడవలెక్కేశారు. ఆ రోజు బంగాళాఖాతంలో మన పడవలు శ్రీలంక దాకా బారులు తీరి ఉంటాయి. ఒడ్డున నేనూ, ఎండుచేపలూ, వాటికి కాపలా కాస్తున్న ఒక ముసలమ్మా మిగిలాం. చేతులు చూసిపోవడానికి వచ్చానంటే, ఏ నరం, అది దేనికి పనికొస్తుంది అని ఆవిడ అడిగింది.

దేనికీ పనికిరాదమ్మా అని చెప్పాలి. నిజం అదే. కానీ చెప్పండి, దేనికీ పనికిరానిదాన్ని చూడ్డానికి బందరు నుంచి ఒకడు బస్సెక్కి వచ్చాడంటే ఎవరైనా నమ్ముతారా? నా జబ్బు నా నోటికొచ్చింది.

"ఇది వల లాగే నరం మామ్మా. ఇది లేనోడి చేతిలో వల జారిపోద్ది."

నవ్వుతూనే అన్నాను. చూపించడానికి చెయ్యి కూడా చాచాను. ఎడమ చెయ్యి. ఎడమదే ఎందుకన్నది తర్వాత చెప్తాను.

సాయంత్రానికి ఊరంతా వరసలో ఉంది. పడవల్లోంచి దూకి ఈదుకుంటూ వచ్చినవాళ్లున్నారు. "నీది చూపించు బావా", "నీదే పెద్ద తాడు, పడవ కట్టెయ్యొచ్చు" అని ఒకటే వేళాకోళాలు. నేను కుర్చీలో కూర్చుని ఒక్కొక్క చెయ్యీ పట్టుకుని చూస్తూ, అబ్బ, ఎంత బాగుందో. నా మాట ఒక ఊరిని నిలబెట్టింది. చెప్పుకోకూడదు గానీ, ఆ సాయంత్రం తలుచుకుంటే ఇప్పటికీ నాకు కొంచెం సంతోషంగానే ఉంటుంది.

ఆ వరసలో నాంచారయ్య వచ్చాడు. ఇంచుమించు నా వయసువాడే. వలకి ముందు తాడు అతనిది. అంటే నడుం లోతు నీళ్లలో అందరికంటే ముందు నిలబడి, పాట ఎత్తుకుని, పట్టు పట్టే మనిషి. అతని పట్టుని చూసుకునే వెనక అందరూ లాగుతారు. అది ఎవరికి పడితే వాళ్లకి ఇచ్చే చోటు కాదు. అతనికి ముందు అక్కడ వాళ్ల నాన్న నిలబడ్డాడు. నాంచారయ్య గట్టిగా లాగితే చేపలే కాదు, సముద్రం కూడా నాలుగడుగులు ఒడ్డుకి వచ్చేదని ఊళ్లో అనేవాళ్లు. (ఊళ్లో అనలేదు. నేనంటున్నాను.)

వేళ్లు కలిపి వంచాడు. కుడి చేతికి లేదు. ఎడమ చేతికీ లేదు. రెండు మణికట్లూ నున్నగా, కడిగిన పళ్లెంలా ఉన్నాయి. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. అతనూ నవ్వాడు. నవ్వనిది ఒక్క వీరాస్వామి. వల అతనిది. నాంచారయ్యకి స్వయానా మేనమామ.

కొన్ని వారాలకి ఆడవాళ్ల చేతులు చూడ్డానికి మళ్లీ వెళ్లాను. వల లాగుతున్నారు. ముందు తాడు దగ్గర ఇంకెవరో ఉన్నారు. నాంచారయ్య ఒడ్డున, ఆడవాళ్ల మధ్య గొంతుక్కూర్చుని చేపలు ఏరి బుట్టల్లో వేస్తున్నాడు. వీరాస్వామి చెప్పిందేమంటే, మధ్యలో ఒకరోజు తాడు నాంచారయ్య చేతిలోంచి జారిందట. వల వదులై, పడ్డ చేపంతా పోయిందట. "తవరు ముందే చెప్పారు గదండీ, మేవే ఇన్లేదు," అన్నాడు నాతో, చేతులు కట్టుకుని.

తడి తాడు జారడం వింతా? అంతకుముందు జారలేదా? ఆ ఊళ్లో ప్రతి ఒక్కరి చేతిలోంచీ ఎప్పుడో ఒకప్పుడు జారే ఉంటుంది. అప్పుడు తిట్టుకుని మళ్లీ పట్టుకుని ఉంటారు. ఈసారి మాత్రం వాళ్ల దగ్గరొక కారణం ఉంది. ఆ కారణం నేనిచ్చింది.

అక్కడే చెప్పెయ్యాల్సింది. ఒక్క మాట. "తమాషాకి అన్నాను వీరాస్వామీ" అంటే చాలు. ఎందుకు అనలేదు? తమాషా అని తెలిస్తే ఆడవాళ్లు చేతులు చాచరు, పరిశోధన సగంలో ఆగిపోతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. నిజంగా పరిశోధన కోసమేనా? ఇన్నేళ్లుగా తవ్వుకుంటుంటే కింద ఇంకో సంగతి తగులుతోంది. ఆ ఊళ్లో నేను పెద్దమనిషిని. నా మాటకి నిలబడ్డ వరస ముందు నేనొక గాలిమాటల మనిషినని ఒప్పుకోవడం నావల్ల కాలేదు. అంతే అయ్యుంటుంది. చేప కంటే ముల్లే ఎక్కువున్న గర్వం అది.

నోరు విప్పలేదు గానీ, ఇంకో పని చేశాను. నాంచారయ్యని మా సెమినారుకి రమ్మన్నాను. కాలేజీలో పెద్దవాళ్లందరి ముందు నీ చెయ్యి చూపిస్తానన్నాను. అతని మొహం వెలిగింది. నేను తీసుకున్నదానికి ఇది చెల్లు అనుకున్నాను. మనిషి తనకి తాను ఎంత తేలిగ్గా అమ్ముడుపోతాడో చూశారా?

ఆ శనివారం అతను ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో వచ్చాడు. మడతలు ఎంత పదునుగా ఉన్నాయంటే, మా డిసెక్షన్ కత్తులు సిగ్గుపడ్డాయి. ఆ రోజు నేను తెచ్చిన లడ్డూలు అమరావతి శిల్పుల చేతి పని. గది పిక్కటిల్లింది. నేను మొదలుపెట్టిన కాసేపటికే గదిలో అందరూ ముక్కుపొడుం పట్టినట్టు వేళ్లు కలిపి ఎవరి మణికట్లు వాళ్లు చూసుకుంటున్నారు. ఒక అసిస్టెంట్ ప్రొఫెసరు గారు తనకి లేదని తెలిసి లడ్డూ మధ్యలో ఆపేశారు. నాంచారయ్య బల్ల పక్కన నిలబడి, నేను సైగ చేసినప్పుడల్లా చెయ్యి చాచాడు, పూజారి హారతి ఇచ్చినంత నిష్ఠగా.

చివర్లో సుగుణ మేడమ్ లేచారు. ఇంగ్లీషులో అడిగారు. "ఈ నరం లేకపోతే పట్టు తగ్గుతుందా? నువ్వు చూశావా, ఎవరో చెప్పారా?"

నేనూ ఇంగ్లీషులోనే, తడుముకోకుండా చెప్పాను. తగ్గదు మేడమ్, నేనే చూశాను, ఈ మనిషి పట్టు ఆ ఊళ్లో అందరికంటే గట్టిది, అతని ఒడ్డున వలకి ముందు తాడు అతనిదే.

మేడమ్ తృప్తిగా తలూపారు. అతని దగ్గరికి వెళ్లి తెలుగులో, "ఏదీ బాబూ, నా చెయ్యి పట్టుకో" అన్నారు. కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని వదిలేశాడు. అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. నాంచారయ్య కూడా కొట్టాడు.

అర్థమవుతోందా మీకు? తాడు ఇంకా అతనిదే అన్న ముక్క తప్ప, ఆ రోజు నేను నిజం చెప్పాను. గది నిండా మనుషుల ముందు, గట్టిగా, ప్రొజెక్టరు మోత మీద అరిచి చెప్పాను. ఆ నిజంతో పనిలేని వాళ్లందరికీ చేరింది. అది కావలసిన ఒకే ఒక్క మనిషి నా పక్కనే నిలబడి, ఏమీ తెలియక చప్పట్లు కొట్టాడు.

సాయంత్రం ఇద్దరం కలిసి బందరు వచ్చాం. బస్టాండులో అవనిగడ్డ బస్సు కోసం నిలబడ్డాం. మిగిలిన లడ్డూల పొట్లం నా కుడి చేతిలో ఉంది.

"ఆ మేడమ్ గారు నన్ను చూపించి ఏదో అడిగారు గదండీ. ఏందండీ అది?"

"నీ చెయ్యి గురించే."

"అదేలెండి. నా చెయ్యి గురించి గాక నా మొహం గురించి అడుగుతారా? మీరేదో చెప్పారు, అందరూ చప్పట్లు గొట్టారు. మంచి మాటేనా? అది చెప్పండి చాలు. మా మావకి చెప్పుకోవాల."

మావకి చెప్పుకోవాల. ఆ మాట నాకు వినపడలేదని అనలేను.

"చాలా అరుదైన చెయ్యి అన్నారు."

"అరుదంటే?"

"ఎక్కడో గానీ దొరకదు."

"పులస లాగానా అండీ?"

"ఆఁ. అట్లాంటిదే."

"పులసైతే మాత్రం?" అని నవ్వాడు. "అది వల్లో పడేదే గానీ, వల లాగేది కాదు గదండీ."

బస్సు వచ్చింది. పొట్లం అతని చేతిలో పెట్టాను. అప్పుడు నా కుడి చెయ్యి ఖాళీ అయింది. ఇప్పుడు ఆ సంగతి చెప్తాను. నా ఎడమ చేతికి ఆ నరం ఉంది. కుడి చేతికి లేదు. రాసే చెయ్యి, కత్తి పట్టే చెయ్యి, అన్నం తినే చెయ్యి. వేళ్లు కలిపి చూపిస్తే చాలు, మాటలు కూడా అక్కర్లేదు. బస్సు కిటికీ నా తల ఎత్తులోనే ఉంది. అతను కిటికీలోంచి చెయ్యి ఊపాడు. నేను ఊపాను. ఎడమ చెయ్యి.

ఆ తర్వాత ఏళ్లు బాగానే గడిచాయి. నాకు ప్రమోషనొచ్చింది, పొట్టొచ్చింది, ఫార్మలిన్ వాసన మా ఆవిడకి అలవాటైంది. శనివారాల లడ్డూలు ఆగలేదు. నాంచారయ్య మళ్లీ తాడు పట్టలేదని, వల మనుషుల దగ్గరే చేపలు కొని చల్లపల్లి తెచ్చి అమ్ముతున్నాడని ఎవరో చెప్పారు. ముందు సైకిలు మీద, తర్వాత మోపెడ్ మీద. నేను చూశానా? లేదు. ఎవరో చెప్పారు. కొన్నేళ్ల పాటు చల్లపల్లి మీదుగా వెళ్లాల్సిన పనులన్నీ నేను ఇంకో దారిలో చేసుకున్నాను.

చివరికి సెల్‌ఫోన్లు వచ్చిన కాలంలో ఒకరోజు చల్లపల్లి సెంటర్లో దొరికిపోయాను. అతనికి ఒక చిన్న వ్యాను, ఐసు పెట్టెలు, చుట్టూ జనం. దివిసీమ పిల్లులన్నీ ఆ వ్యాను టైము కనుక్కుని, స్నానం చేసి వచ్చి కూర్చుంటాయి. నన్ను చూడగానే, "మా డాక్టరు గారు" అని అందరికీ చూపించాడు. "ఈ చెయ్యే కాలేజీలో చూపించారు" అని తన మణికట్టు కూడా చూపించాడు. టీ కొట్టుకి తీసుకెళ్లాడు.

టీ తాగుతూ అన్నాడు, ఇప్పటికీ ఒడ్డున వల పాట వినపడితే తన చేతులు వాటంతటవే ముడుచుకుంటాయని, వ్యాను నడుపుతున్నా సరే అని. నవ్వుతూనే అన్నాడు. టీ గ్లాసు చుట్టూ వేళ్లు బిగించి చూపించాడు.

అప్పుడు నేను చొక్కా చెయ్యి మడిచాను. వేళ్లు కలిపి కుడి మణికట్టు చూపించాను. అంతా చెప్పాను. ముసలమ్మ అడిగింది, నేనన్నది, మేడమ్ ప్రశ్న, నా జవాబు. అతను చాలాసేపు నా మణికట్టు చూశాడు. తర్వాత టీ ఒలికేదాకా నవ్వాడు. "పోనీలెండి డాక్టరు గారూ. మీరు అబద్ధమాడకపోతే నేనింకా నడుందాకా నీళ్లలోనే ఉండేవాణ్ని" అన్నాడు. ఒక పండుగప్ప చేపని తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. దాని తల బందరు బస్సు ముందు తలుపులో, తోక వెనక తలుపులో.

బాగుంది కదూ? ఎంత బాగుందో చూడండి.

అదే కల్పించింది.

లడ్డూలు, పిల్లులు, పడవలు, దోమలు అన్నీ పెంచినవే, భాగించుకోండి. చల్లపల్లి నిజం, వ్యాను నిజం, టీ నిజం. పాట వింటే చేతులు ముడుచుకుంటాయన్న మాట నిజం. దాన్ని నేను వెంట్రుక వాసి కూడా పెంచలేదు. చొక్కా చెయ్యి మాత్రం మడవలేదు.

జరిగింది ఇది. గ్లాసు కింద పెట్టి అతను, "మా పెద్దాడికీ ఆ నరం లేదండీ. నేనే చూశా, మీరు చూపించినట్టే వేళ్లు కలిపి. వాణ్ణి ఏం పన్లో పెట్టమంటారు?" అని అడిగాడు.

నేనే చూశా, అన్నాడు. మా మేడమ్ ఉంటే మెచ్చుకునేవారు.

"చదివించు," అన్నాను.

అతని మొహం విప్పారింది. తనూ అదే అనుకుంటున్నానన్నాడు. చేప ఇచ్చాడు. మామూలు చేప. ఇంటికి తెచ్చి పులుసు పెట్టించుకుని తిన్నాను. రుచిగానే ఉంది. ఆ కుర్రాడు తర్వాత గుడ్లవల్లేరులో ఇంజనీరింగులో చేరాడని విన్నప్పుడు నిజంగానే సంతోషించాను. ఆ సంతోషమే నన్ను సరిగ్గా పశ్చాత్తాపపడనివ్వదు. మంచే జరిగింది కదా అని ఒక పక్క, అతను నీ దగ్గర మంచి అడిగాడా, చోటు అడిగాడా అని ఇంకో పక్క. తండ్రి నిలబడ్డ చోటు. అది అతనిది. దాన్ని ఒక సరదా మాటకి పోగొట్టాను, తిరిగి ఇచ్చే మాట నోట్లో ఉండీ ఇవ్వలేదు. ఒక్కసారి కాదు, దొరికిన ప్రతిసారీ.

మిమ్మల్ని క్షమించమని అడగను. క్షమించడం మీ చేతిలో లేదు. అది ఉన్న చేతులకి నేనింకా చెప్పనే లేదు. చెప్తానని మాట కూడా ఇవ్వను, నా మాటల సంగతి మీకు తెలిసిపోయింది. కానీ ఇవాళ రాసేశాక హాయిగా ఉంది. ఒకసారి వేళ్లు కలిపి చూసుకున్నాను. నున్నగానే ఉంది. ఇదంతా ఆ కుడి చేత్తోనే రాశాను.

కలం ఎక్కడా జారలేదు.